మీ సీఎస్ఎస్ కోర్సులో లోపాలు, ఫీజు వాపసు గురించి ఫిర్యాదు

నల్లగొండ

కోర్సుల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

నేను పోయిన దసరా అయిపోగానే మీ తెలుగు వెబ్ డిజైన్ కోర్సుకు 6,500 రూపాయలు కట్టి చేరాను. డిగ్రీ పూర్తయి ఇంటి దగ్గరే ఉంటున్నాను. తిప్పర్తి దగ్గర మా నాన్నకు చిన్న బత్తాయి నర్సరీ ఉంది. రంగపూర్ నిమ్మ మీద సాత్‌గుడి అంటు కట్టి రైతులకు అమ్ముతారు. ఆ నర్సరీకి ఒక వెబ్ పేజీ నా చేతులతో చేయాలని, ఆ తర్వాత ఇదే పని మీద నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని చేరాను. మూడు నెలలు ఒక్క పాఠం కూడా వదలకుండా చూశాను. అందుకే ఈ ఉత్తరం రాసే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

పేజీలో ఏమేం ఉండాలో రాసే హెచ్‌టీఎంఎల్ పాఠాల మీద నాకు పేచీ లేదు. అవి బాగానే ఉన్నాయి. నా బాధంతా వాటి రంగు, సైజు, చోటు తేల్చే సీఎస్ఎస్ పాఠాలతోనే.

తొమ్మిదో పాఠంలో రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టడం చూపించారు. ఒక్కోదానికి వెడల్పు 50 శాతం, లోపల అంచుకూ సరుకుకూ మధ్య ఖాళీ, అంటే ప్యాడింగ్, 20 పిక్సెల్స్ (తెర మీది చుక్కలు), చుట్టూ ఒక పిక్సెల్ బార్డర్ గీత. రెండో డబ్బా కిందికి పడిపోయింది. సార్ వెంటనే, "50 వద్దు, 45 పెట్టండి, సెట్ అయిపోతుంది" అని ముందుకు వెళ్లిపోయారు. ఎందుకు పడిందో చెప్పలేదు. సార్ ల్యాప్‌టాప్ తెర మీద సెట్ అయింది. నా ఫోన్‌లో కాలేదు. 360 పిక్సెల్స్ తెరలో 45 శాతం అంటే 162. దానికి రెండు వైపులా ప్యాడింగ్ 40, బార్డర్ 2 కలిపితే 204. రెండు డబ్బాలకు 408. 360లో 408 ఎట్లా పడుతుంది? మనం రాసే వెడల్పు లోపలి సరుకుకు మాత్రమే వర్తిస్తుందని, ప్యాడింగ్, బార్డర్ దాని పైన కలుస్తాయని, బాక్స్ సైజింగ్ అనే సెట్టింగ్‌ను బార్డర్ బాక్స్ అని మారిస్తే అన్నీ ఆ వెడల్పులోనే ఇముడుతాయని నేను తర్వాత ఎండీఎన్ అనే వెబ్‌సైట్‌లో చదివి తెలుసుకున్నాను. అది ఉచితంగా దొరికేది. రెండు నిమిషాల్లో చెప్పగలిగిన ఈ మాట మీ 42 పాఠాల్లో ఎక్కడా లేదు.

పైగా ఆ డబ్బాలు పక్కపక్కన నిలబడ్డది ఫ్లోట్‌తో. బొమ్మ చుట్టూ అక్షరాలు పారడానికి పుట్టినది ఫ్లోట్. వేరే దారి లేని రోజుల్లో పేజీ మొత్తాన్ని దాంతోనే కట్టేవాళ్లు, వాళ్లను తప్పు పట్టను. కానీ డబ్బాలను వరుసల్లో పేర్చడానికే చేసిన గ్రిడ్ 2017లోనే పెద్ద బ్రౌజర్లన్నిటిలోకి వచ్చింది. అలాంటి పనికే వచ్చే ఫ్లెక్స్‌బాక్స్ అంతకు ముందే ఉంది. "లేటెస్ట్ సిలబస్" అని ప్రకటన వేసి ఈ రెండింటి పేరైనా ఎత్తకపోవడం మోసం కాదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది మాత్రం రంగు. మొక్క ధరను ఆకుపచ్చలో చూపించాలని ధరలన్నిటికీ కలిపి పెట్టిన పేరుకు, అంటే క్లాస్‌కు, రంగు రాశాను. మారలేదు. మళ్లీ రాశాను, మారలేదు. మీ వాట్సాప్ గ్రూప్‌లో అడుగుదామంటే అందులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేరు. సపోర్ట్‌కు మెయిల్ పెడితే "ఇంపార్టెంట్ తగిలించండి" అని ఒక్క ముక్క వచ్చింది. రూల్ చివర ఆ మాట తగిలించాను, మిగతా రూల్స్‌ను తోసేసి పని చేసింది. తర్వాత ఇంకోచోట, ఇంకోచోట. నెల తిరిగేసరికి నా ఫైల్‌లో 37 ఇంపార్టెంట్లు. ఏది ముట్టుకున్నా ఇంకేదో చెడేది. నాకు బుర్ర లేదేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

ఒకరోజు పేజీ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్, అంటే ఏ రూల్ పనిచేస్తుందో బ్రౌజర్ చూపించే చోటు, తెరిచాను. కుడి వైపు నేను రాసిన ఆకుపచ్చ లైన్ ఉంది, దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. దాని పైన, మీరిచ్చిన టెంప్లేట్‌లో ఐడీకి, అంటే పేజీలో ఒక్కదానికే పెట్టే పేరుకు, రాసిన నల్ల రంగు, గీత లేకుండా. అప్పుడు అర్థమైంది. ఐడీకి రాసిన రూల్ ముందు క్లాస్ రూల్ నిలవదు, పది క్లాసులు కలిసినా నిలవదు. ఇద్దరి బలం సమానమైతే వెనక రాసినదే చెల్లుతుంది. సీఎస్ఎస్‌లో మొదటి సీ అక్షరమే క్యాస్కేడింగ్. ఒకే చోటికి నాలుగు రూల్స్ వస్తే ఎవరి మాట నెగ్గాలో తేల్చేది అదే. హోకన్ వియుమ్ లీ 1994లో సీఎస్ఎస్‌ను ప్రతిపాదించినప్పుడే పేరులో ఆ మాట ఉంది. పేరులోనే ఉన్నదాన్ని వదిలేసి మీరు నేర్పింది ఏమిటి? ఇన్‌స్పెక్ట్ ఒక్కటి మొదటి వారంలో చూపించి ఉంటే నా నెల రోజులు మిగిలేవి.

ఇక 14వ పాఠం. హెడ్డింగ్‌కు అక్షరం సైజు 32, ఎత్తు కూడా 32, లైన్ హైట్ (వరుస ఎత్తు అక్షరం సైజుకు ఎన్నింతలో) ఒకటి, బయటికి వచ్చింది దాచేయమని ఓవర్‌ఫ్లో హిడెన్. సార్ ఇంగ్లిష్ హెడ్డింగ్ పెట్టి చూపించారు, చక్కగా వచ్చింది. నేను "బత్తాయి అంటు మొక్కలు" అని రాశాను. మా నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని చూసి, "గిదేంది బిడ్డా, బతాయి అంటు మొకలు అని రాసినవ్?" అన్నారు. కింద త వత్తు, క వత్తు కత్తిరించినట్టు పోయాయి. మా దగ్గర మొకం అంటే ముఖం. ఆ లింక్ అప్పటికే పది మంది రైతులకు పంపారు. తెలుగుకు కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి, చోటు ఎక్కువ కావాలి. ఎత్తు తీసేసి లైన్ హైట్ 1.6 చేయగానే సరిపోయింది. తెలుగు వాళ్లకు తెలుగులో నేర్పే కోర్సని పేరు పెట్టి, ఒక్క తెలుగు పదం కూడా తెర మీద వేసి చూడలేదంటే నాకు నిజంగా బాధేసింది.

డబ్బు వాపసు అడిగితే మూడుసార్లు ఒకటే మెసేజ్ వచ్చింది, ఏడు రోజుల గడువు దాటిందని. నలభై రెండు పాఠాల కోర్సులో ఏం లేదో ఏడు రోజుల్లో ఎవరికి తెలుస్తుంది?

కోర్సులో కొంత పనికొచ్చింది కాబట్టి మొత్తం అడగడం లేదు. సగం, అంటే 3,250 రూపాయలు, నేను కట్టిన ఖాతాకే తిరిగి వేయండి. ఆ గ్రూప్‌లో ప్రశ్న అడిగే వీలు ఇవ్వండి. దానిలో నాలాంటి పిల్లలు ఇంకా ఎంతోమంది ఉన్నారు, వాళ్లూ తమకే రాదనుకుంటూ ఉంటారు. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేస్తాను, ఆ తర్వాత నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి కోర్టు ఫీజు కూడా లేదు. అంతదాకా పోవాలని నాకు లేదు.

ఫీజు రసీదు, మీ మూడు మెసేజ్‌లు, హెడ్డింగ్ స్క్రీన్‌షాట్ దీనితో జత చేస్తున్నాను. 9, 14 పాఠాలు మళ్లీ రికార్డ్ చేసేటప్పుడు దయచేసి ఫోన్‌లో తెరిచి, "మొక్కలు" అని టైప్ చేసి ఒకసారి చూడండి.

ఇట్లు,
మీ విద్యార్థిని