నాలుగో వంతు అన్నారు, ఏ వైపో చెప్పలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

భాగం దావా గెలిచినా భూమి చేతికి రాదని మా ఇంట్లో 2016లో తెలిసింది. ఇంకొకరు మాలాగా ఏళ్లు పోగొట్టుకోకూడదని రాస్తున్నా.

మాది చిత్తూరు జిల్లాలో ఓ పల్లె, నేనుండేది తిరుపతిలో. నాన్న పోయాక ఆరెకరాల మామిడి తోట, ఊళ్లో ఒక మిద్దె మిగిలాయి. అన్న, నేను, ఇద్దరు చెల్లెళ్లు. పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు, రెండోసారి ఒకాయన "ఆడబిడ్డలకు పెళ్లిళ్లు చేసేశారు గదా, ఇంకా భాగమేంది" అన్నాడు, అక్కడే చెడింది. (2005 నుంచి హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది, అంతకు ఇరవై ఏళ్ల ముందే మన రాష్ట్రం పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. ఆయనకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.)

2011లో కోర్టుకెక్కాం. ఐదేళ్లకు తలా నాలుగో వంతు అని తీర్పొచ్చింది, వీధిలో స్వీట్లు కూడా పంచాం. తర్వాత వకీలు చెప్పాడు, ఇది ప్రిలిమినరీ డిక్రీ మాత్రమే, ఎవరికెంతో ఇందులో ఉంటుంది, ఏ ముక్క ఎవరిదో తేలాలంటే ఫైనల్ డిక్రీకి మళ్లీ పిటిషన్ వేయాలి అని. డబ్బులు కూడగట్టుకుని వేసేసరికి 2018. మరుసటేడు అన్న పోయాడు, వదినను, పిల్లల్ని వారసులుగా చేర్చడానికి వాయిదాల మీద వాయిదాలు, ఆపైన కరోనా. ఇన్నేళ్లూ కాపు అమ్ముకున్నది అన్న ఇంటివాళ్లే. అనుభవంలో ఉన్నవాళ్లకు తొందరేముంటుంది? ఆ స్థానంలో నేనున్నా అంతేనేమో.

అడ్వకేట్ కమిషనర్ (ఆస్తిని చూసి పంపకం ఎలాగో చెప్పమని కోర్టు పంపే వకీలు) సర్వేయర్‌ను వెంటబెట్టుకుని తోటకొచ్చింది 2022 మే నెల ఎండలో. టేపు పట్టి ఎకరన్నర చొప్పున నాలుగు ముక్కలు గీశారు, కాగితం మీద చూస్తే ఎవరూ వంక పెట్టలేరు. కానీ ఉన్న ఒక్క బోరూ రోడ్డు పక్క ముక్కలో పడింది, గుట్ట వైపు ముక్కలో సగం రాళ్లు, ముదురు తోతాపురి చెట్లన్నీ ఒక పక్క, నాన్న చివర్లో నాటిన మొక్కలు ఇంకో పక్క. చిన్న చెల్లెలు ఒకటే అడిగింది, "సార్, గుట్ట ముక్కలోకి నడిచేదానికి దారేది?" ఆయన ప్లాన్ కేసి చూసి, మూత పెట్టేసిన పెన్ను మళ్లీ తెరిచాడు. మేం అభ్యంతరాలు వేశాక రిపోర్టు మారింది: పది అడుగుల దారి, బోరుకు వంతులు, రోడ్డు ముక్క వచ్చినవాళ్లు గుట్ట ముక్క వాళ్లకు కొంత సొమ్ము కట్టాలని. ఆ తర్వాతే చీట్లు తీశాం. ఆ రోజు చెల్లెలు అడగకపోయి ఉంటే?

2022 జూన్‌లోనే సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో చెప్పింది, ప్రిలిమినరీ డిక్రీ ఇవ్వగానే కింది కోర్టే తనంతట తాను ఫైనల్ డిక్రీకి తేదీ వేయాలి, వేరే పిటిషన్ కోసం ఆగక్కర్లేదు అని. తీర్పు కాపీని అన్ని హైకోర్టులకూ పంపమంది. కోర్టు వరండాలో నాతో పాటు బెంచీ మీద కూర్చునే కక్షిదారుల్లో ఈ మాట విన్నవాళ్లు ఒకరిద్దరే. నేనడిగేది పెద్ద కోరిక కాదు. డిక్రీ చదివిన రోజే తర్వాతి తేదీ వేసి, ఇంకా పంపకం కాలేదని కక్షిదారుకు తెలుగులో చెప్పాలి. కమిషనర్‌కు ఇచ్చే ఆర్డరులోనే నీళ్లు, దారి, చెట్ల వయసు చూడమని రాయాలి. ఫైనల్ డిక్రీ స్టాంపు పేపర్ల మీద రాసిస్తారు, ఆ ఖర్చుంటుందని కూడా ముందే చెబితే చివర్లో అప్పుకు పరుగెత్తే పని తప్పుతుంది.

అందరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్ మేలు, అక్కడి అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. మాకు ఒప్పుకునే బుద్ధి పుట్టేసరికి ఆలస్యమైంది.

మిద్దెను నాలుగు ముక్కలు చేయలేం. సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్లు అడిగితే 1893 నాటి చట్టం కింద కోర్టు అమ్మించొచ్చు, కాదనేవాళ్లు విలువ కట్టించుకుని కొనుక్కోవచ్చు. వదిన కొంటానంటోంది, వాయిదా వచ్చే నెల. తోట ఫైనల్ డిక్రీ పోయినేడు చేతికొచ్చింది. చిన్న చెల్లెలికి చీటీలో గుట్ట ముక్కే పడింది, దారి మాత్రం ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి