నల్లపావులు గెలిచినంత మాత్రాన గడియారం మంచిదైపోదు

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: వారంటీలో ఉన్న డిజిటల్ చెస్ గడియారాన్ని మార్చి ఇవ్వడానికి నిరాకరించడంపై ఫిర్యాదు.

అయ్యా,

ఒడిశాలోని రాయగడలో మేము నడుపుకుంటున్న చదరంగం క్లబ్బుకు మీ సంస్థ నుంచి కొన్న గడియారాల్లో ఒకటి ఆట మధ్యలో చెడిపోయిందని తెలియజేస్తే, ఆ లోపంతో సమయం కోల్పోయిన నల్లపావులవారే ఆట గెలిచారు గనుక నష్టమేమీ జరగలేదంటూ మీ సేవా కేంద్రం మా అభ్యర్థనను తోసిపుచ్చింది. ఈ జవాబు అన్యాయం.

ఆ ఆట ఒక్కొక్కరికి గంట సమయం, వేసిన ప్రతి ఎత్తుకు 30 సెకన్లు కలిసే పద్ధతిలో జరిగింది. నల్లపావులతో ఆడింది పార్వతీపురం నుంచి రైల్లో వచ్చే ఒక విద్యార్థిని. రాజులు, ఏనుగులు, బంట్లు మాత్రమే మిగిలే ఏనుగుల ముగింపులో ఆమె రాజు జి1 గడిలో, బంటు జి2 గడిలో ఉన్నాయి. ఏనుగును ఎఫ్8 నుంచి ఎఫ్5కు తెస్తే, తర్వాత వచ్చే చెక్‌లకు అడ్డుపెట్టి బంటును మంత్రిగా మార్చుకోవచ్చు. ఆమె సరిగ్గా ఆ ఎత్తే వేసి, తన సమయం ఆగి ప్రత్యర్థి సమయం మొదలయ్యేలా గడియారం మీట నొక్కింది. మీట దిగింది గానీ ప్రత్యర్థి వైపు సమయం కదలలేదు. అతను ఆలోచిస్తున్నంతసేపూ ఆమె అంకెలే తరిగిపోయాయి. అర్బిటర్ (ఆట నిర్ణేత) గమనించేసరికి ఆమెకు నిమిషం కూడా మిగల్లేదు. స్పష్టమైన లోపమున్న గడియారాన్ని మార్చి, కొత్తదానిలో సమయాన్ని తన విచక్షణతో నిర్ణయించాలన్న ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమం 6.10 ప్రకారం ఆయన వ్యవహరించారు. ఆమె గెలిచింది. అయితే ఆ గెలుపు అర్బిటర్ దయ వల్ల వచ్చిందని ఇప్పుడు కొందరు అనడం మాకు చాలా బాధగా ఉంది. ఆ పిల్ల ఆడిన ముగింపులో వంక పెట్టడానికేమీ లేదు.

సమయం అమర్చడంలో మాదే పొరపాటని కూడా మీవారు రాశారు. అదే అమరికతో అంతకుముందు నలభై ఎత్తుల దాకా రెండు వైపులా సమయం సక్రమంగా నడిచిందని, ఎత్తుల పక్కన ఆటగాళ్లు రాసుకున్న సమయాలే చెబుతున్నాయి. మీటను అంచున నొక్కితే సమయం అటు మారడం లేదు, నడుమ గట్టిగా అదిమితేనే మారుతోంది. దీన్ని చూపే వీడియోనూ, ఎత్తులు రాసుకున్న ఇద్దరి స్కోరుషీట్ల నకళ్లనూ జతపరిచాను.

కావున గడియారాన్ని మార్చి ఇవ్వాలని లేదా సొమ్ము వాపసు చేయాలని, కొరియర్ ఖర్చు మీరే భరించాలని, దానితోపాటు వచ్చిన మిగతా గడియారాల మీటలను కూడా పరీక్షించాలని కోరుతున్నాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేస్తాము.

ఇట్లు,
క్లబ్బు కార్యదర్శి,
రాయగడ