మెడలో బిళ్ల లేని కుక్కల సంగతి

సంపాదకులకు,

పెంపుడు కుక్క ఎవరినైనా కరిచిందని వార్త రాగానే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ముందు వినబడే మాట, రాట్‌వీలర్లను, పిట్‌బుల్‌లను నిషేధించాలనే. ఆ ప్రయత్నం ఒకసారి జరిగింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల పేర్లతో రాష్ట్రాలకు లేఖ రాసింది. వాటి అమ్మకానికి, పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని చెప్పింది. నెల తిరక్కుండా, ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. ఆ జాబితా చదివినవారికి ఆశ్చర్యం కలగదు. అందులో టోసా ఇను ఒకచోట, జపనీస్ టోసా మరోచోట ఉన్నాయి. రెండూ ఒకటే కుక్క. 'టెర్రియర్లు' అని గంపగుత్తగా రాశారు. ఒళ్లో పడుకునే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా టెర్రియరే కదా!

పైగా మన ఊళ్లలో అమ్ముడయ్యే కుక్కపిల్లల్లో చాలావాటికి కాగితాలే ఉండవు. రాట్‌వీలర్‌కీ నాటుకుక్కకీ పుట్టినదాన్ని మున్సిపల్ సిబ్బంది ముఖం చూసి ఏ జాతి అని రాసుకోవాలి?

కరిచే కుక్క తయారయ్యేది పెంపకంలో. 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా ముప్పై, నలభై రోజులకే అమ్మేస్తున్నారు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువులతో ఆడుకునే ఆ వారాల్లోనే. తర్వాత దాన్ని రొయ్యల గుంటల కాపలాకో, తోటకో తెచ్చి పగలంతా గొలుసుకు కట్టేస్తారు. కొత్త మనిషిని చూడకుండా పెరిగినది ఏ జాతిదైనా గొలుసు తెగిన రోజు మీద పడుతుంది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. దీని కింద కేసు పెట్టమని ఎవరూ అడగరు.

జంతువు వల్ల ప్రమాదం రాకుండా జాగ్రత్త పడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. కానీ ఆ కుక్క తనది కాదని యజమాని తప్పుకుంటే? అందుకే లైసెన్సు, మెడలో నంబరు బిళ్ల కావాలి. ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. మున్సిపాలిటీ గుమాస్తా ఒకరు రిజిస్టరు పట్టుకుని అక్కడే కూర్చుంటే టీకా వేసిన చోటే కుక్క ఫొటో, యజమాని చిరునామా రాసుకుని బిళ్ల ఇచ్చేయొచ్చు. మూడు నెలలు నిండిన ప్రతి కుక్కకూ ఇది తప్పనిసరి చేయాలి.

ఒకసారి మీదపడినట్టు ఫిర్యాదు రుజువైతే, జాతితో పని లేకుండా, ఆ కుక్కకు షరతులు పెట్టాలి: బయట ఆరడుగులకు మించని పట్టీ, కింద సందు లేని గేటు, మూతికి బుట్ట. బుట్ట అంటే నోరు తెరిచి రొప్పడానికి వీలున్నదే. మూతిని బిగించే గుడ్డ పట్టీ కట్టి రోహిణి కార్తెలో తిప్పితే వడదెబ్బకు కుక్క చచ్చిపోతుంది.

కరిచిన కుక్కను కొట్టి చంపొద్దు, తరిమేయొద్దు. కట్టి ఉంచి పది రోజులు చూడాలి. కరిచేనాటికే లాలాజలంలో రేబిస్ ఉంటే ఆలోపు లక్షణాలు బయటపడతాయి. గాయాన్ని మాత్రం వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం పెట్టకూడదు. కాటు పడినవారికి టీకా అదే రోజు మొదలవ్వాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోకే ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా అడగాలి. ఆసుపత్రిలో డాక్టరు అడిగేది కుక్కకు టీకా ఎప్పుడు వేశారు, ఇప్పుడు అది ఎక్కడుంది అని. బిళ్ల లేని కుక్క విషయంలో ఈ రెండింటికీ జవాబు దొరకదు.

— విశ్రాంత పశువైద్య సహాయకుడు, కావలి