సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల పద్యాల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర, బూరెలు ఇళ్లలోనే వండి తెచ్చిన ఆడపడుచులకు కృతజ్ఞతలు. వేసవి సెలవుల్లో రోజూ సాయంత్రం వచ్చి పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన ఇద్దరు టీచరమ్మలకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోదగ్గది, సంక్రాంతికి మనం పెట్టిన మద్రాసు ఎల్‌ఐసి బిల్డింగ్ ప్రదర్శన. ఒడిశాలోని బరంపురంలో ఉంటూ మద్రాసు మేడ గొడవ మనకెందుకని కొందరు అడిగారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ తర్వాతా మనవాళ్లు మెయిలెక్కి మద్రాసు వెళ్తూనే ఉన్నారు. చచ్చిన కాలేజి (మ్యూజియం), బతికిన కాలేజి (జూ) చూసుకుని, మౌంట్ రోడ్డులో ఈ మేడ ముందు తలెత్తి నిలబడి అంతస్తులు లెక్కపెట్టి వచ్చేవారు. మా ఇంట్లో నాన్నగారి లెక్క, బాబాయి లెక్క ఏనాడూ కలవలేదు.

ఆ బిల్డింగులోనే కొన్నేళ్లు పనిచేసి రిటైరైన మన పెద్ద సభ్యులొకరు (పేరు వేయవద్దన్నారు) గంటంబావు మాట్లాడారు. 1953లో దీన్ని మొదలుపెట్టింది ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ గారి యునైటెడ్ ఇండియా బీమా కంపెనీ. మరుసటి మార్చిలోనే ఆయన సింగపూర్ విమాన ప్రమాదంలో పోయారు. 1956లో జీవిత బీమా జాతీయం కావడంతో సగంలో ఉన్న కట్టడం ఎల్‌ఐసి చేతికొచ్చింది. ఆర్కిటెక్టు ఎల్.ఎం. చితాలే పూర్తిచేయించగా, 1959 ఆగస్టు 23న మొరార్జీ దేశాయ్ ప్రారంభించారు. ఎత్తు 177 అడుగులు. 1975లో మంటలంటుకుని చాలా నష్టం జరిగినా బాగుచేసి మళ్లీ ఆఫీసు నడిపారు. "కట్టించిన మహానుభావుడు అందులో అడుగు పెట్టలేదు, జీతం మేము తీసుకున్నాం" అంటూ మన పెద్ద సభ్యులు కాసేపు ఆగిపోయారు. హాల్లో చప్పుడు లేదు.

పిల్లలు థర్మోకోల్‌తో నమూనా చేశారు. మూడడుగులకు అంగుళం చొప్పున 59 అంగుళాలు. ఏడో తరగతి పాప ఒకతె మూడు రాత్రులు కూర్చుని కిటికీలకు నల్ల కాగితం ముక్కలు అతికించింది. నిలబెట్టాక చూస్తే మేడ ఆ పాప కంటే జానెడు ఎత్తుంది.

ఇక బాధ కలిగించే మాట. వాలంటీర్లుగా 14 మంది పేర్లిచ్చారు, పొద్దున్నే వచ్చింది ముగ్గురు. "దారిలో ఉన్నాం" అన్నవాళ్లు భోజనాల వేళకు చేరారు. డెబ్బై దాటిన కోశాధికారి గారు కుర్చీలు మోయడం చూసి నాకు తల కొట్టేసినట్లయింది. హాలు అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగితే, సంతకం ముందురోజు సాయంత్రం దొరికింది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. మన పిల్లల బడికి తెలుగు టీచరు కావాలని రెండుసార్లు అర్జీ పెట్టాం, జవాబే లేదు. మూడోసారీ పెడతాం, ఈసారి సంతకాలకు ఇంటింటికీ వస్తాను.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, ఆడిటర్ గారు చూశారు. చందా బాకీలున్నవారు ఈరోజే కట్టగలరు.

నమూనా ప్రస్తుతం మన రీడింగ్ రూములో ఉంది. వానకు ఆ మూల కారుతోంది. దానికొక అద్దాల పెట్టె చేయించే దాత ముందుకు రావాలని, ఈ నివేదికను సభ ఆమోదించాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి, బరంపురం