కోటీశ్వరుల జలవిహారమా?

సంపాదకులకు,

రెండు వారాల క్రితం ఆదివారం అనుబంధంలో నార్వే తీర ఓడ గురించి మీరు వేసిన వ్యాసంలోని తప్పులను ఎవరో ఒకరు ఎత్తిచూపుతారని చూశాను. ఒక్క సవరణా రాలేదు. ఇక రాయక తప్పలేదు.

బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా నడిచే హుర్టిగ్రూటెన్ ఓడల సర్వీసును మీ విలేకరి ‘కోటీశ్వరుల జలవిహారం’ అన్నారు. పక్కనే ఎవరిదో పదిహేను అంతస్తుల నౌక ఫొటో, దాని నెత్తిన నీటి జారుడుబల్లలు! అంతటి ఓడ ఆ చిన్న రేవుల్లో ఆగడం కల్ల.

1893కు ముందు ట్రాండ్‌హైమ్‌లో వేసిన ఉత్తరం హామర్‌ఫెస్ట్ చేరడానికి వేసవిలో మూడు వారాలు, చలికాలంలో అయిదు నెలల దాకా పట్టేది. పొద్దే పొడవని ఆ నెలల్లో రాళ్ల మధ్య ఓడ నడపడానికి పెద్ద కంపెనీలు జంకాయి. రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మాత్రం ఏ దిక్కుకు ఎంతసేపు వెళ్లాలో ముందే లెక్కలు రాసిపెట్టుకున్నాడు. ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని ఆ ఏడాది జూలై 2న ‘వెస్టెరాలెన్’ అనే ఓడను బయలుదేరదీశాడు. ఇందులో ఒక్క ముక్కకైనా మీకు చోటు దొరకలేదు. భోజనాల బల్ల మీద ఎన్ని రకాల చేపలున్నాయో మాత్రం అరకాలమ్ వర్ణించారు.

ఇప్పటికీ ఆ దారిలో 34 రేవులు. కొన్నిచోట్ల అర్ధరాత్రి ఆగి సరుకు దించి, పక్క ఊరికి పోయేవాళ్లను ఎక్కించుకుంటుంది. గది తీసుకోకుండా కాసేపు కూర్చుని దిగిపోయేవాళ్లూ ఉంటారు. అందుకే ప్రభుత్వం డబ్బు ఇస్తోంది. 2021 నుంచి ఆ ఒప్పందాన్ని రెండు కంపెనీలు పంచుకున్నాయి: అదే పేరున్న హుర్టిగ్రూటెన్ కంపెనీకి ఏడు ఓడలు, హావిలాకు నాలుగు. హావిలావి బ్యాటరీల మీద నాలుగు గంటల దాకా పొగ లేకుండా నడవగలవు. మంచిదే. కానీ ఒకప్పుడు ఈ దారిలో తిరిగిన 1964 నాటి ఓడ ‘లోఫోటెన్’ క్రేనుతో సరుకెత్తిన తీరు ముందు కొత్త ఓడల వేడినీటి తొట్లు నా కంటికి ఆనవు.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయ ట్రోల్‌ఫియర్డ్‌లోకి ‘ఏడాది పొడవునా’ వెళ్తుందని రాశారు. వెళ్లేది వేసవిలోనే. మీ మాట నమ్మి జనవరికి టికెట్టు కొన్నవారికి ఎవరు జవాబు చెబుతారు?

2011లో నార్వే ప్రభుత్వ టీవీ ఈ ప్రయాణాన్ని 134 గంటలు ఏకధాటిగా ప్రత్యక్ష ప్రసారం చేస్తే జనం జెండాలు పట్టుకుని రేవులకు వచ్చారు. కోటీశ్వరుల విహారానికి ఊళ్లు అలా కదిలివస్తాయా?

మిమ్మల్ని మాత్రం అని ఏం లాభం? సముద్రమంటే మన ఏలికలకూ గుర్తొచ్చేది ఇసుక మీద వేదిక, ఒక శిలాఫలకం. వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తీరముంది. విశాఖలో టికెట్టు కొని మచిలీపట్నంలో దిగగలమా? ఫియర్డ్‌లనే ఆ సముద్రపు పాయలు అడ్డం కాబట్టి వాళ్లకు ఓడ కావాలి, మనకు రైలుంది అంటారు. ఒప్పుకుంటాను. మరి రైలు పోలేని అండమాన్‌కు ఓడ ఏ తేదీన కదులుతుందో కనుక్కోవడమే ఒక యాత్ర ఎందుకైంది? నార్వేకు అధ్యయన యాత్రకు వెళ్లివచ్చే అధికారులు ఓడ వేళల పట్టిక తెస్తారనుకోను. తేలే హోటల్ నమూనా మాత్రం తప్పకుండా తెస్తారు.

వచ్చే ఆదివారం కనీసం ఆ ఫొటోకైనా సవరణ వేయండి. మొదటి పేజీలో అక్కర్లేదు, ఆ చేపల వర్ణనకు ఇచ్చిన చోటులో సగం చాలు.

— ఒక పాత చందాదారుడు