ఆపరేషన్ తర్వాత పిల్లల సంగతి కూడా చూడండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాని. మా పాపకి పుట్టుకతోనే గుండె కింది గదుల మధ్య గోడకి పెద్ద రంధ్రం ఉంది. పదకొండో నెలలో విజయవాడలో ఆపరేషన్ చేసి మూసేశారు. ప్రభుత్వ పథకం కింద చేశారు కాబట్టి ఆపరేషన్‌కి మా దగ్గర రూపాయి తీసుకోలేదు. నా జీతంతో అది జన్మలో అయ్యేది కాదు, ఆ మాట ముందు చెప్పుకోవాలి. ఈ లేఖ ఆ తర్వాతి సంగతి గురించి.

పాలు తాగుతుంటే పాప నుదుటి మీద చెమటలు పట్టేవి. మాటిమాటికీ నెమ్ము. మా అమ్మ దిష్టి తీసేది, మేం యాంటీబయాటిక్ పోసేవాళ్లం. గుండె జబ్బని తెలిసేసరికి తొమ్మిదో నెల వచ్చింది. ఒంటికి వెళ్లాల్సిన రక్తంలో చాలా భాగం ఆ రంధ్రం గుండా మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతోందని డాక్టర్ గారు బొమ్మ గీసి చెప్పారు. పెద్ద కాలువ నీళ్లన్నీ పంట బోదెలోకి వదిలితే ఏమవుతుందో మన డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బోదె అయితే గట్టు తెగుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు తెగవు, ఆ ఒత్తిడికి గోడలు మందమై బిరుసెక్కుతాయి. మరీ ఆలస్యమైతే రంధ్రం మూయడానికే వీలుండదు. మేం ఆలోపే వెళ్లాం. కానీ రంధ్రం మూసినంత మాత్రాన ఊపిరితిత్తుల్లో బీపీ ఆ రోజే దిగిపోదని నాకు రెండో రాత్రి గానీ అర్థం కాలేదు.

ఆ రాత్రి వెంటిలేటర్ గొట్టంలో కఫం తీస్తుండగా పాప ఆక్సిజన్ 97 నుంచి 62కి పడిపోయింది. నొప్పి, ఏడుపు, కఫం తీయడం, ఈ పిల్లలకి వీటిలో ఏదైనా చాలు. ఊపిరితిత్తుల నాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. గుండె కుడి భాగం రక్తాన్ని తోయలేక అలిసిపోతుంది. పూర్తి ఆక్సిజన్ పెట్టారు, మత్తు పెంచారు, నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ కావాలన్నారు. పీల్చే గాలిలో పది లక్షల వంతులకి 20 వంతులు కలిపితే చాలు, ఊపిరితిత్తుల నాళాలు వదులవుతాయి, మిగతా ఒంట్లో బీపీ మాత్రం పడిపోదు. ఆ ఆసుపత్రిలో మిషన్ ఒక్కటే ఉంది. అది పక్క మంచం మీది బాబుకి పెట్టి ఉంది. ఇంకోచోట నుంచి తెప్పించడానికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ నేనూ నా భార్యా ఐసీయూ బయట మెట్ల మీద కూర్చున్నాం. ఆ బాబు వాళ్ల నాన్న కూడా అక్కడే ఉన్నాడు. పాపం, మా వైపు చూడలేక తల దించుకున్నాడు.

ఆ గ్యాస్ ఉన్నట్టుండి ఆపితే ప్రెషర్ మళ్లీ పెరుగుతుంది. అందుకని ఊపిరితిత్తుల నాళాలని వదులు చేసే సిల్డెనాఫిల్ మందు మొదలుపెట్టి గ్యాస్ కొంచెం కొంచెంగా తగ్గించారు. అదే మందు ఇంటికీ రాశారు, ఎనిమిది గంటలకోసారి, నెలల తరబడి.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. డిశ్చార్జ్ రోజు పది రోజుల మందు ఇచ్చారు, తర్వాత మేమే కొనుక్కున్నాం. 20 మిల్లీగ్రాముల మాత్ర నూరి, కొలిచిన నీళ్లలో కలిపి, సిరంజీతో తీసి పట్టాలి. ఏడు కిలోల పిల్ల. ఎక్కువైతే బీపీ పడిపోతుంది, తక్కువైతే పని చేయదు. నా భార్య సిరంజీ గీతలు మూడుసార్లు లెక్కపెట్టుకుని గానీ పాప నోట్లో పోసేది కాదు. ఒకరోజు మందుల షాపులో చీటీ చూసి, "ఇది మగవాళ్లు వాడేది కదమ్మా, పసిపిల్లకేంటి?" అని పదిమందిలో అడిగి ఇవ్వలేదు. తను సిగ్గుతో తిరిగొచ్చేసింది. నేను యార్డు నుంచి వచ్చేసరికి రాత్రి పదకొండయింది. రెండు పూటల మందు తప్పింది. తెల్లవారుజామున పాప ఆయాసపడింది, పెదాలు నీలంగా మారాయి. 108లో మళ్లీ విజయవాడ. షాపాయన్ని నేను తప్పుపట్టను. ఈ మందు పిల్లల ఊపిరితిత్తులకీ వాడతారని ఆయనకి ఎవరు చెప్పారు? ఒక్క పూట కూడా తప్పకూడదని మాకు మాత్రం ఎవరు గట్టిగా చెప్పారు?

అయ్యా, డాక్టర్ ఆపమనేదాకా ఈ మందునీ ఎకో (గుండె స్కానింగ్) పరీక్షలనీ కూడా ఆపరేషన్‌లో భాగంగానే లెక్కించి ఉచితంగా ఇప్పించండి. మాత్ర నూరే పని లేకుండా నోట్లో పోసే ద్రవంగా, మా గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ దొరికేలా చూడండి. డిశ్చార్జ్ కాగితంతో పాటు తెలుగులో ఒక్క పేజీ చాలు: మందు ఎందుకు, మానితే ఏమవుతుంది, పెదాలు నీలమైనా స్పృహ తప్పినా ఎక్కడికి పరిగెత్తాలి. షాపులో చూపించడానికి అడుగున రెండు లైన్లు రాయించండి. పిల్లల గుండె ఆపరేషన్లకి అనుమతి ఇచ్చే ప్రతి ఆసుపత్రిలో రెండో నైట్రిక్ ఆక్సైడ్ మిషన్, నిండు సిలిండర్, రాత్రిపూట దాన్ని నడిపే మనిషి ఉన్నారో లేదో చూసి మరీ ఇవ్వండి. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలకి, మళ్లీ మళ్లీ నెమ్ము చేసే పసివాళ్లని ఎకోకి పంపమని గట్టిగా చెప్పండి.

మా పాపకి ఇప్పుడు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి మందు. వచ్చే నెల ఎకో ఉంది. ప్రెషర్ దిగితే మందు మెల్లగా తగ్గిస్తామన్నారు. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక పాప తండ్రి,
గుంటూరు