మా దగ్గర సెన్సర్ వేయించుకున్న ఆ తొమ్మిది బళ్ల గురించి

అన్నలకు, తమ్ముళ్లకు, సార్లకు నమస్తే. హన్మకొండలో మా బైక్ షాపుకు ఏళ్ల తరబడి వస్తున్న గిరాకీల కోసం ఇది రాస్తున్నాను.

మార్చి నుంచి మే దాకా మా దగ్గర 200 సీసీ బండికి కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం ఎంత వేడిగా ఉందో బండి కంప్యూటర్‌కు చెప్పేది) మార్పించుకున్నవాళ్లు, సెన్సర్ కొత్తగా వేసి మేం అమ్మిన సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు కలిపి తొమ్మిది మంది ఉన్నారు. ఆ తొమ్మిది బళ్లలో ఉన్నది నమ్మకం లేని సామాను. వేసింది నేనే. అన్నిటికీ కంపెనీ సెన్సర్ నా ఖర్చుతో వేసి ఇస్తాను. ఎనిమిది మందికి ఫోన్ చేసి చెప్పాను, ఒకరు దొరకలేదు. విషయం బయట ఎవరో చెప్పగా వినడం కన్నా నా నోటి నుంచి వింటే మంచిదని మొత్తం చెబుతున్నాను.

ఆ తొమ్మిది కాక, మార్చిలో ఒక టీచర్ సార్ కొడుకుకు 2019 మోడల్ బండి అమ్మాను. సార్ పాత స్కూటర్ కాలం నుంచి మా షాపుకు వస్తారు, ఇంకో చోట అడగకుండా నేరుగా నా దగ్గరికి పంపారు. ఆ బండికి సెన్సర్ కప్లర్ (వైరు తగిలించే ప్లగ్) దగ్గర పచ్చగా తుప్పు పట్టి ఉంటే, సెన్సర్ మార్చే ఇచ్చాను. మూడు వారాలకు అబ్బాయి తిరిగి వచ్చాడు. లీటరుకు 35 ఇచ్చే బండి 24కు పడిపోయింది. పెట్రోల్ వాసన వస్తోంది. ట్రాఫిక్‌లో ఆగితే మళ్లీ స్టార్ట్ కావడానికి సతాయిస్తోంది. ఇంకో మాట కూడా అన్నాడు: "అన్నా, బండి వేడెక్కిన కొద్దీ మీటర్‌లో టెంపరేచర్ గీతలు తగ్గుతున్నయ్."

ఆ మాట నేను నమ్మలేదు. వేడెక్కితే గీతలు పెరగాలి గానీ ఎట్లా తగ్గుతాయి, నువ్వు సరిగ్గా చూసి ఉండవు అన్నాను. షాపులో నలుగురు ఉండగా అన్నాను. మొత్తం సమస్యకు తాళం చెవి ఆ ఒక్క మాటలోనే ఉంది, దాన్నే తోసేశాను.

తర్వాత నేను చేసిన పనులన్నీ వరసగా తప్పుదారిలో పోయాయి. పొద్దున్నే చల్లగా ఉన్న బండికి స్కానర్ పెట్టాను, కూలెంట్ 31 డిగ్రీలు అని చూపించింది. సరిగ్గానే ఉంది. ఇంజిన్‌లో తేడా ఉంటే మీటర్‌లో వెలిగే ఎఫ్ఐ లైట్ వెలగలేదు, స్కానర్‌లో ఒక్క తప్పు కోడ్ కూడా లేదు. కప్లర్‌లో 5 వోల్టులు వస్తున్నాయి, ఎర్త్ బాగుంది. స్పార్క్ ప్లగ్ తీస్తే మసి పట్టి నల్లగా ఉంది, అంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. కూలెంట్ దారి తెరిచి మూసే థర్మోస్టాట్ మార్చాను. కూలెంట్ తీసి కొత్తది పోసి, లోపల గాలి లేకుండా చేశాను. అనుమానం పోక సెన్సర్ కూడా మార్చాను, అదే డబ్బాలోంచి ఇంకొకటి తీసి. పది రోజులు బాగానే నడిచింది.

మే నెలలో ఆ అబ్బాయి స్నేహితులతో లక్నవరం పోతుంటే ములుగు దగ్గర గట్టమ్మ గుడి దాటకముందే బండి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. రేడియేటర్ ఫ్యాన్ ఒక్కసారి కూడా తిరగలేదు, పక్కనున్న ట్యాంకులోంచి కూలెంట్ పొంగి రోడ్డు మీద కారింది. ట్రాలీ ఆటో తీసుకుని నేనే పోయి తెచ్చాను. దారి పొడుగునా అబ్బాయి ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి షట్టర్ సగం దించి, గ్యాస్ స్టవ్ మీద స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టాను. సెన్సర్‌ను గిన్నె అడుగుకు తగలకుండా వైరుతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్, రెండు కాళ్లకు మల్టీమీటర్. వేడి పెరిగిన కొద్దీ ఈ సెన్సర్ రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో కొలుస్తాం) తగ్గుతూ పోవాలి. ఈ రకంలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 300కు కాస్త అటూ ఇటూ. నీళ్లు 30 ఉన్నప్పుడు 1,700 చూపించింది, బ్రహ్మాండం. 50 దగ్గర కూడా లెక్క తప్పలేదు. 65 దాటగానే ముల్లు తిరగబడ్డట్టు అంకె పైకి ఎక్కడం మొదలుపెట్టింది. వెయ్యి, రెండు వేలు, నాలుగు వేలు. నీళ్లు చల్లారితే మళ్లీ మామూలే. లోపలి అతుకు వేడికి వదులవుతోంది, చల్లబడితే కలుస్తోంది.

ఆ ఓమ్‌లను బట్టే బండి కంప్యూటర్ వేడి లెక్కగడుతుంది, నాలుగు వేల ఓమ్‌లంటే దాని లెక్కలో కూలెంట్ పది డిగ్రీలే ఉన్నట్టు. బయట మే ఎండ, లోపల కూలెంట్ కాగుతోంది, బండి కంప్యూటర్ మాత్రం ఇంజిన్ గడ్డకట్టి ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తోంది, ఫ్యాన్ వేయడం లేదు. వైరు పూర్తిగా తెగితే అంకె హద్దు దాటుతుంది, లైట్ వెలుగుతుంది. పది డిగ్రీలు ఉండదగ్గ వేడే కాబట్టి కోడ్ పడలేదు. మీటర్‌లో గీతలు నిజంగానే తగ్గాయి. అబ్బాయి చూసింది చూసినట్టే చెప్పాడు.

డబ్బాలో మిగిలిన నాలుగు సెన్సర్లను కూడా అదే గిన్నెలో పెట్టాను. మూడు అంతే. ఆ బండిలోంచి తీసిన రెండూ అంతే. ఆరింటికి ఐదు ఖరాబు. 15 వచ్చిన లాట్‌లో తక్కిన తొమ్మిదీ మీ బళ్లలో ఉన్నాయి.

సామాను పంపింది సికింద్రాబాద్‌లోని ఒక హోల్‌సేల్ వ్యాపారి. పన్నెండేళ్ల లెక్క మాది. కరోనా లాక్‌డౌన్‌లో ఆయన నాకు ఉద్దెర ఇచ్చాడు, అది మర్చిపోలేదు. కంపెనీ ప్యాకింగ్, కంపెనీ స్టిక్కర్, ధరలో పెద్ద తేడా లేదు. ఫోన్ చేస్తే ఆయన మొదట అన్న మాట, "నువ్వే ఎక్కువ టైట్ చేసి ఉంటవ్. ఇంకెవ్వరూ అడగలేదు." ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, సెన్సర్ బిగించడం నాకు రాదా? ఏ బండికీ బిగించని ముక్కను గిన్నెలో పెట్టి వీడియో తీసి పంపాను. చూశాడు, జవాబు లేదు. రెండు రోజుల తర్వాత, వచ్చే ఆర్డర్‌లో పైసలు తగ్గించుకుంటానన్నాడు. ముక్కల ధర తగ్గిస్తే సరిపోతుందా? ట్రాలీ కిరాయి వదిలేయండి, గట్టమ్మ దగ్గర ఎండలో నిలబడ్డ పిల్లలకు ఏం తగ్గిస్తాడు? ఆయనకు నేనివ్వాల్సిన 18,400 ఆ సాయంత్రమే కట్టేశాను. ఇక ఆయన దగ్గర బోల్టు కూడా కొనను. సామాను రెండు రోజులు ఆలస్యమైనా సరే, ఎలక్ట్రికల్ సామాను ఇక షోరూమ్ కౌంటర్ నుంచే.

అసలు నిద్ర పట్టనిది మీ తొమ్మిది బళ్ల గురించి. మూడు రాత్రులు ఆలోచించాను. మా తమ్ముడు చెప్పిన ఉపాయం ఇది: "ఎండాకాలం ఫ్రీ చెకప్ అని పెడదాం. అందరినీ పిలిచి మెల్లగా సెన్సర్లు మార్చేద్దాం. పేరు పోదు, పైగా మెచ్చుకుంటరు." వాడు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. సెకండ్ హ్యాండ్ బళ్ల వ్యాపారంలో మాట పోతే షాపు బందే. నేను దాదాపు ఒప్పుకున్నాను, బ్యానర్ రేటు కూడా అడిగాను.

ఆ తొమ్మిది మందిలో పరకాల నుంచి రోజూ పని మీద వచ్చే తమ్ముడొకడు ఉన్నాడు, భార్యను, చిన్న పాపను బండి మీదే తీసుకొస్తాడు. ఫ్రీ చెకప్ అంటే అతను తీరిక దొరికినప్పుడు వస్తాడు, వచ్చే నెలైనా వస్తాడు. సెన్సర్ ఖరాబైంది, ఫ్యాన్ తిరగకపోవచ్చు అంటే రేపే వస్తాడు. ఫోన్ తీసి ముందు అతనికే చేశాను. తెల్లారి షాపు తెరిచేసరికి నిలబడి ఉన్నాడు. అతని సెన్సర్ తీసి గిన్నెలో పెడితే, అదీ 70 దగ్గర తిరగబడింది.

టీచర్ సార్ ఇంటికి పోయి బండి వాపసు తీసుకుని మొత్తం పైసలు ఇస్తానన్నాను. అబ్బాయికి, నువ్వు చెప్పిందే నిజం, నేను తప్పు అని సార్ ముందే చెప్పాను. వాళ్లు బండి ఉంచుకున్నారు. వేడికి హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నదేమో అని విప్పి చూశాను, బాగానే ఉంది. అయినా ఏడాది దాకా ఆ ఇంజిన్‌కు ఏమైనా నాదే బాధ్యత.

మిగతావాళ్లు బండిని పొద్దున్నే ఇవ్వండి, ఇంజిన్ చల్లగా ఉంటేనే సెన్సర్ విప్పగలను. ఈలోపు దూరం పోకండి. ట్రాఫిక్‌లో ఎంతసేపున్నా ఫ్యాన్ చప్పుడు రాకపోయినా, గీతలు వెనక్కి పోతున్నా బండి పక్కకు ఆపి నాకు ఫోన్ చేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

ఇంకొకటి. కంపెనీ సెన్సర్ వచ్చేదాకా వైరుకు ఒక రెసిస్టర్ అతికించి నడిపించమని ఇద్దరు అడిగారు. అట్లా చేస్తే కంప్యూటర్‌కు ఎప్పుడూ ఒకే వేడి కనబడుతుంది, ఇంజిన్ మాడిపోతున్నా ఫ్యాన్ తిరగదు. ఆ పని నేను చేయను, బతిమాలినా చేయను. అత్యవసరమైతే మా ఇంటి స్కూటర్ తీసుకుపోండి.

ఇకముందు మేం అమ్మే ప్రతి లిక్విడ్ కూల్డ్ బండిని కొనేవాళ్ల ముందే స్టార్ట్ చేసి, ఫ్యాన్ తిరిగి మళ్లీ ఆగేదాకా నిలబెడతాం. ఎంతసేపు పట్టినా సరే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేసే స్కానింగ్‌ను ఇక లెక్కలోకి తీసుకోను.

దొరకనిది ఒక్కరే. ఏప్రిల్‌లో నర్సంపేట వైపు నుంచి వచ్చి, తెల్ల రంగు 200 సీసీ బండికి సెన్సర్ వేయించుకున్న తమ్ముడు. బిల్లు మీద రాసిన నంబర్ పని చేయడం లేదు. వెనుక మడ్‌గార్డ్ మీద పులి బొమ్మ స్టిక్కర్ ఉంది. మీలో ఎవరికైనా తెలిస్తే, ఈ సంగతి అతనికి చెప్పండి.